చిన్నమ్మ రాసిన పన్నెండు మాటలు

లాక్‌డౌన్లు ఎత్తేసిన ఆ ఏడాది మా వరంగల్‌లో ఎవరిని కదిపినా క్రిప్టో కాయిన్ల మాటే. మాస్కు ఒక చెవికి వేలాడుతుండగా టీ కొట్టు దగ్గర నిలబడి, ఫోనులో ఎర్ర గీతలూ పచ్చ గీతలూ ఒకరికొకరు చూపించుకుంటూ, నిన్న ఎంత ఉండెనో ఇయ్యాల ఎంతయిందో చెప్పుకోవడం అప్పటి కాలక్షేపం. బంగారం కొంటే బీరువాలో పెట్టుకుంటాం, భూమి కొంటే హద్దురాళ్ళు పాతుకుంటాం. ఈ కాయిన్ కొంటే అది ఎక్కడ ఉంటుందని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండేది కాదు. అడిగితే మనకు తెలియదని బయటపడిపోతుంది. నేనూ అడగలేదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో తెలియనితనాన్ని దాచుకోవడానికి పడే కష్టంలో సగం పడితే ఆ విషయమే నేర్చుకోవచ్చు. (ఇప్పుడు చెబుతున్నాను కానీ, అప్పుడు ఎవరైనా నాకీ మాట చెప్పి ఉంటే, పాపం వాళ్ళకేమీ తెలియదని జాలిపడి ఉండేవాడిని.)

డిగ్రీ పూర్తిచేసి, వరంగల్‌లో ఒక విత్తనాల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పనిలో ఉండేవాడిని. మా ఊరి నుంచి రోజూ రావడం కుదరక హసన్‌పర్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండేవాడిని. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, అంగన్‌వాడీ టీచరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. చిన్నాయిన లారీ డ్రైవరు కాబట్టి నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. నన్ను కాయిన్లలోకి దింపింది కాజీపేటలో ఉండే స్నేహితుడు. వాళ్ళ నాన్న రైల్వేలో సిగ్నళ్ళ పని చూసేవాడు గనుక మేమంతా వీణ్ణి సిగ్నల్ అని పిలిచేవాళ్ళం. నేను ఏడాది పాటు జీతంలోంచి మిగిల్చినదంతా పెట్టి కాయిన్ కొన్నాను. మరుసటి ఏడాది ఎంసీఏలో చేరాలని, ఫీజుకు అది పనికొస్తుందని నా లెక్క. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కొన్న వారానికే హసన్‌పర్తి రోడ్డు మీద బర్రెను తప్పించబోయి బండి మీంచి పడ్డాను. కుడిచేతికి దవాఖానలో పిండికట్టు వేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సిగ్నల్ ఫోన్ చేశాడు. "కాయిన్ కంపెనోళ్ళ దగ్గర పెడితే అది మనది కాదురా. సొంత వాలెట్ల పెట్టుకో. యాప్ తెరిస్తే పన్నెండు మాటలు వస్తయ్. కాయితం మీద రాసుకో. ఫొటో తియ్యకు, ఎవలకు చెప్పకు. ఫోన్ పోయినా ఫికర్ లేదు, గా పన్నెండు మాటలుంటే మల్ల తెరుచుకుంటది" అన్నాడు. సరే సరే అన్నాను. యాప్ తెరిచాను. పన్నెండు ఇంగ్లీషు మాటలు వరుసగా వచ్చాయి. రాద్దామంటే కుడిచేయి కట్టులో ఉంది, ఎడమచేత్తో రాస్తే నాకే అర్థంకాదు. చిన్నమ్మను పిలిచాను. ఆమె పిల్లల ఎత్తూ బరువూ రాసే చార్టు ఒకటి తిరగేసి, వెనకవైపు పెన్ను పెట్టి కూర్చుంది.

మొదటి మాట "డాంకీ".

చిన్నమ్మ పెన్ను ఆపింది. "గాడిదనా?"

"ఆ, గాడిదనే."

"పైసలకు గాడిదేంది కొడుకా?"

"అది గంతే చిన్నమ్మా. కంప్యూటరే ఇస్తది. నువ్వు రాయి."

రాసింది. తర్వాతి రెండూ చెప్పాను, రాసింది. "అంకుల్" అన్నాను. మళ్ళీ ఆగింది. "ఏ అంకులు? మామనా, చిన్నాయిననా, పెదబాపా?"

"ఎవలో ఒకలు. జర జల్ది రాయి, తెర ఆరిపోతాంది."

ఇలా మధ్యమధ్యలో ఇంకో రెండు మూడు మాటలకు అర్థాలడిగింది. నేను విసుగ్గా ఏదో చెప్పాను. నా కళ్ళు ఫోను మీదే ఉన్నాయి, ఆమె ఏం రాస్తున్నదో చూడలేదు. పన్నెండూ అయ్యాక కాయితం మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. "ఏంది రా ఇది, మంత్రమా?" అని అడిగింది. బ్లాక్‌చెయిన్ గురించి పది నిమిషాలు చెప్పాను. ఆమె అంతా విని, "మంచిగనే ఉన్నది, చెయ్యి నొస్తాందా?" అంది.

ఏడెనిమిది నెలలు గడిచాయి. కాయిన్ ధర పెరిగింది, కొంచెం తగ్గింది, మళ్ళీ పెరిగింది. హన్మకొండలో ఒక కాలేజీలో సీటు వచ్చింది. బుధవారం లోపు ఫీజు కట్టాలి. సరిగ్గా ముందు వారం, దుకాణం వెనక ముఖం కడుక్కోబోయి వంగితే చొక్కా జేబులోంచి ఫోను జారి నీళ్ళ గోలెంలో పడింది. బాగుచేసే అతను దాన్ని రెండు రోజులు ఉంచుకుని, లోపల బోర్డే పోయిందని చేతిలో పెట్టాడు. నేను ఫికర్ పడలేదు. పన్నెండు మాటలు ఉన్నాయి కదా. పాత ఫోను ఒకటి సంపాదించి, వాలెట్ యాప్ వేసి, పటం వెనక కాయితం దర్జాగా తీశాను.

కాయితం మీద ఇలా ఉంది: గాడిద, వేర్, సాల్ట్, చిన్నాయిన, పెయిర్, విలేజ్, ఉల్లిగడ్డ, రైట్, విండో, పిట్ట, బర్రె, లంచ్. (ఆ మాటలు ఇప్పుడు దేనికీ పనికిరావు కాబట్టి చెప్పినా నష్టం లేదు.) ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. తెలుగు మాట తోచిన వాటికి తెలుగు రాసింది, మిగతా వాటిని విన్నది విన్నట్టు రాసింది. నాకు పిచ్చి నవ్వు వచ్చింది, వెంటనే భయమూ వేసింది. గాడిద డాంకీ, చిన్నాయిన అంకుల్, ఉల్లిగడ్డ ఆనియన్, బర్రె బఫెలో. అంతవరకు బాగానే ఉంది. వేర్ అంటే ఎక్కడ అనే వేర్ అనుకున్నాను. పిట్టకు బర్డ్ అని కొట్టాను. యాప్ మాటలు తప్పు అన్నది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పన్నది. చిన్నమ్మను అడిగితే, "ఏదో పిట్టనే కొడుకా. నువ్వు ఇంగ్లీషుల ఏదో అన్నవ్, పిట్ట అని రాసిన" అంది. సిగ్నల్‌కు ఫోన్ చేస్తే, "కాయితం మీద రాసుకో అన్న గాని తెలుగుల రాసుకో అన్ననారా?" అని, ఇంటర్నెట్‌లో ఇట్లాంటి వాళ్ళకు సాయంచేసే ఫోరం ఒకటి ఉంటుందనీ, అక్కడ అడగమనీ చెప్పి, డ్యూటీ ఉందని పెట్టేశాడు.

శుక్రవారం దుకాణంలో భోజనాల వేళ ఆ ఫోరంలో చేరాను. గౌరవనీయులైన అయ్యలకు అని మొదలుపెట్టి, తహసీల్దారుకు అర్జీ రాసినట్టు ఇంగ్లీషులో రాశాను. ఎవరో వెంటనే జవాబిచ్చారు: "నీ దగ్గర సీడ్ ఉందా?" నాకు ఆశ్చర్యం వేసింది. నేను విత్తనాల దుకాణంలో పనిచేస్తానని వీళ్ళకెలా తెలిసింది? అయినా మర్యాద కదా అని, "ఉందండీ, పత్తీ మక్కజొన్నా రెండూ ఉన్నాయి, ఏ రకం కావాలి?" అని రాశాను. తర్వాత ముప్ఫై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ పన్నెండు మాటల వరుసనే సీడ్ అంటారని అప్పుడు తెలిసింది. "సీడ్ పోయినట్టుంది" అని నేను సిగ్నల్‌తో ఫోనులో అంటుంటే మా దుకాణం సేటు విన్నాడు. లేచి గోదాంలోకి వెళ్ళి, పత్తి విత్తనాల ప్యాకెట్లు గంటసేపు లెక్కపెట్టి వచ్చి, "అన్నీ ఉన్నయ్ కదరా, ఏం పోయింది?" అన్నాడు. వాలెట్ అని చెప్పాను. పాపం, తన జేబులోంచి వంద తీసి, "చాయ్ తాగు, కార్డులు బ్లాక్ చేయించు" అన్నాడు.

ఇంతలో నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. పంపినవాడి పేరు వాలెట్ డాక్టర్. ఫొటోలో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. (స్టెతస్కోపుతో వాలెట్‌ను ఏం చేస్తాడని నాకు తోచనేలేదు. పైగా చదువుకున్న మనిషని ధైర్యం వచ్చింది.) చాలా ప్రేమగా మాట్లాడాడు. ఏడవకు తమ్ముడూ, ఇలాంటి కేసులు వందలు చూశాను, నీ మాటలు పంపు, నేను పరీక్షించి తెరుస్తాను అన్నాడు. ఫొటో తియ్యకు, ఎవలకు చెప్పకు అన్న సిగ్నల్ మాట గుర్తుంది. కానీ డాక్టరు దగ్గర రోగం దాచడం ఏమిటని చిన్నమ్మ కాయితం ఫొటో తీసి పంపించేశాను.

అక్కడి నుంచి ఆ డాక్టరు పడిన కష్టం నేను మరిచిపోలేను. ముందు ఆయన యంత్రానువాదం పెట్టుకున్నాడు. అది వేర్‌ను చెట్టు వేరు అన్నది, లంచ్‌ను లంచం అన్నది. అప్పుడు నన్నే ఒక్కో మాటా అడగడం మొదలుపెట్టాడు. చిన్నాయిన అంటే ఏమిటి అన్నాడు. నాన్నకు తమ్ముడు, లేదా అమ్మ చెల్లెలి భర్త అన్నాను. ఒక్క మాటలో చెప్పు అన్నాడు. మాకు అది ఒక్క మాటేనండీ అన్నాను. నేను ఎవరితో మాట్లాడినా పూర్తిగా, వివరంగా చెప్పాలనుకునేవాడిని. కాబట్టి మా వైపు మామ వేరు, చిన్నాయిన వేరు, పెదబాపు వేరు అని వరుసలన్నీ రాశాను. ఆయన చాలాసేపటికి అంకుల్ అనే మాట పట్టుకున్నాడు. పిట్ట దగ్గరకు వచ్చేసరికి శుక్రవారం సాయంత్రమైంది. ఏ పిట్ట అన్నాడు. తెలియదు అన్నాను. బర్డ్ అని కొట్టాడట, పనిచేయలేదట. "మీ ఆంటీని అడుగు సార్" అన్నాడు. మధ్యాహ్నం తమ్ముడూ అన్నవాడు ఇప్పుడు సార్ అంటున్నాడు. అడిగి రేపు చెబుతానన్నాను. శనివారం పొద్దున ఫోను తెరిచేసరికి ఆయన దగ్గరి నుంచి ఆరు మెసేజ్‌లు, ఆరింటిలోనూ ఒకటే ప్రశ్న: ఏ పిట్ట సార్?

ఒక మనిషి నాకోసం ఇంత శ్రద్ధ పడుతున్నాడని నా గుండె నిండిపోయింది. ఆయనకు సాయంగా ఉంటుందని ఫోరంలో ఇంకో ప్రశ్న పెట్టాను: మా చిన్నమ్మ ఒక మాటను పిట్ట అని రాసింది, మీ మాటల్లో ఏయే పిట్టలు ఉంటాయి అని. దానికి జవాబిచ్చిన మనిషి ఫొటో ఉండేచోట గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నాడు. (మనిషి అంటున్నాను కానీ ఆడో మగో, ఏ దేశమో నాకు ఈరోజుకీ తెలియదు. అప్పటి నుంచీ మా ఇంట్లో గుడ్లగూబ అనే పిలుచుకున్నాం, గౌరవంగానే.) గుడ్లగూబ మొదట అడిగింది ఒకటే: "ఈ మాటలు ఎవరికైనా చూపించావా?"

చూపించానని గర్వంగా చెప్పాను. డాక్టరు పేరు కూడా చెప్పాను.

కొద్దిసేపటికి వచ్చిన జవాబు సారాంశం ఇది. వాడు డాక్టరు కాదు, దొంగ. ఆ పన్నెండు మాటలు ఎవరి దగ్గరుంటే కాయిన్ వాళ్ళదే. వాడికి నీ కాయితం దొరికింది, కానీ మీ చిన్నమ్మ దొరకలేదు, నువ్వు ఇంకా బతికి బయటపడటానికి అదొక్కటే కారణం. వాడికి ఇక ఒక్క ముక్క చెప్పకు. నాకు కూడా ఒక్క మాట చెప్పకు. నేను మంచివాడినో కాదో నీకేం తెలుసు? ఎలా వెతకాలో చెబుతాను, నువ్వే వెతుక్కో. వాడికంటే ముందు తెరిచి, అంతా కొత్త వాలెట్‌లోకి మార్చెయ్.

అది చదివి నేను బిల్లు కౌంటరు వెనక స్టూలు మీద కూలబడ్డాను. నన్ను నమ్మకు అంటున్నవాణ్ణి నమ్మాలి, నన్ను నమ్ము అన్నవాణ్ణి నమ్మకూడదు. ఇన్నాళ్ళూ మనుషుల విషయంలో నాకున్న కొద్దిపాటి జ్ఞానం తలకిందులైపోయింది. ఎదురుగా ఒక రైతు రెండు ప్యాకెట్ల మక్క విత్తనానికి బిల్లు అడుగుతుంటే ఇరవై ప్యాకెట్లకు కొట్టి ఇచ్చాను. గుడ్లగూబ చెప్పిన ప్రకారం, వాలెట్లు వాడే మాటల జాబితా ఒకటి ఉంటుంది. రెండు వేల పైచిలుకు మాటలు, అందరికీ తెలిసినవే. అందులో వినడానికి ఒకేలా ఉండే జంటలు కూడా ఉంటాయట. దాన్ని దుకాణం ప్రింటరు మీద తీశాను. సేటు ఆ కాగితాల కట్ట చూసి, "ఇంగ్లీషు కోచింగ్‌ల చేరినవారా? మంచిదే" అన్నాడు. ఆ సాయంత్రమే కూర్చుని చూస్తే, వేర్ అంటే ఎక్కడ అనీ ఉంది, తొడుక్కోవడం అనీ ఉంది. పెయిర్ అంటే జత ఉంది, ఒక పండూ ఉంది. రైట్ అంటే సరైనది ఉంది, రాయడం ఉంది. పిట్టలైతే పదికి పైనే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన కూర్చున్నాను. అప్పటికి ఆమెకు అంతా చెప్పాను: ఫీజు సంగతి, బుధవారం సంగతి, డాక్టరు సంగతి. ఆమె తిట్టలేదు. "నాకు చెప్పకపోతివి. చెప్తే మంచిగ అడిగి రాద్దును కదా" అని మాత్రం అంది. అది తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. గుడ్లగూబ నుంచి ఒక సలహా వచ్చింది. ఆ సలహా చూసి నాకు మతిపోయింది. మీ చిన్నమ్మకు ఏయే పిట్టల పేర్లు తెలుసో అడుగు అన్నాడు. తెలిసిన పిట్ట అయితే ఆమె దాని పేరే రాసి ఉండేది, పిట్ట అని రాసిందంటే పేరు తెలియని పిట్ట అయి ఉంటుంది అని. తెలుగు ఒక్క ముక్క రానివాడు, ఏ సముద్రానికి అవతల కూర్చున్నాడో ఏమో, మా చిన్నమ్మను నాకంటే బాగా అర్థం చేసుకున్నాడు.

"చిన్నమ్మా, నీకు ఎరికున్న పిట్టల పేర్లన్నీ చెప్పు."

"ఎందుకురా?"

"గుడ్లగూబ అడగమన్నడు."

ఆమె కాయ వలవడం ఆపి, బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పుకుపోయింది. "కోడి, కాకి, పావురం, చిలుక, బాతు, గద్ద, కొంగ, నెమలి, పిచ్చుక, దసరాకు చూసే పాలపిట్ట, కోయిల, గువ్వ, కంజు. ఇంకా చెప్పాల్నా?"

నేను జాబితాలో ఒక్కోటీ కొట్టేస్తూ పోయాను. కోడి అయితే కోడి అని రాసేది, పావురమైతే పావురం అని రాసేది. చివరికి మూడు మిగిలాయి: టర్కీ, పెలికాన్, ఆస్ట్రిచ్. ముందు టర్కీ పెట్టి, వేర్, పెయిర్, రైట్‌లను మార్చి మార్చి కొట్టడం మొదలుపెట్టాను. తప్పు, తప్పు, తప్పు. ఐదోసారి యాప్ ఒక్క క్షణం ఆగి, తెరుచుకుంది.

లోపల సున్నా ఉంది.

డాక్టరు ముందే తెరిచాడు, మొత్తం పట్టుకుపోయాడు. చిన్నమ్మకు చెప్పాను. ఆమె లేచి చేతులు కడుక్కుని, పటం ముందు నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని, పెదవులు కదుపుతూ ఏదో అనుకుని వచ్చి మళ్ళీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది. నేను గుడ్లగూబకు రాశాను: పోయింది, అంతా పోయింది. పది నిమిషాలకు జవాబు వచ్చింది: ఏమీ పోలేదు, అది నీ వాలెట్ కాదు. మాటల వరుస ఎక్కడ కుదిరినా ఒక వాలెట్ తెరుచుకుంటుంది, నువ్వు తెరిచింది ఇంతవరకు ఎవరూ కాలుపెట్టని ఖాళీ ఇల్లు. తలుపేసి వచ్చెయ్, వెతుకు. నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. ఎవరిదీ కాని ఇంటికి నా దగ్గర తాళం ఎందుకుంది, ఎవరూ కట్టని ఇల్లు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు చాలా రోజులకు గాని తెలియలేదు. తెలిశాక కూడా పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

"ఇంక ఎన్నున్నయ్?" అంది చిన్నమ్మ.

"రెండు. పెలికాన్, ఆస్ట్రిచ్."

ఆమె గింజలు చేటలో పోస్తూ ఆగింది. "గా రెండోది ఎగురుతదా?"

"ఏది, ఆస్ట్రిచ్చా? ఎగరదు."

"గదే" అంది చిన్నమ్మ, చాలా మామూలుగా. "ఆనాడు గూడ గిదే అడిగిన. గదేందిరా అంటే పెద్ద పిట్ట అన్నవ్. ఎగురుతదా అంటే ఎగరదన్నవ్. ఎగరనిది పిట్టెట్లయితదని జరసేపు ఆగిన. నువ్వు జల్ది రాయమని కసిరినవ్. సరే పిట్టనే అని రాసిన."

ఆస్ట్రిచ్ పెట్టాను. మళ్ళీ ఎనిమిది రకాలుగా కొట్టాలి. ఏడు అయ్యాయి, ఏడూ తప్పే. ఎనిమిదోసారి, తొడుక్కునే వేర్, తినే పెయిర్, రాసే రైట్ పెట్టాను. (నేను అనుకున్నవి మూడుకు మూడూ తప్పన్నమాట. చిన్నమ్మ తప్పు ఒక్కటీ లేదు.) తెరుచుకుంది. నా కాయిన్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. నేను అరవలేదు, ఎగరలేదు. ఫోను చిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె దగ్గరగా చూసి, "గింతేనా? ఒక నంబరేనా?" అంది. గంతే అన్నాను. గుడ్లగూబ చెప్పినట్టు కొత్త వాలెట్ చేసి, కొత్త పన్నెండు మాటలు నా కుడిచేత్తో పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని, అంతా అందులోకి మార్చాను. అంత పని అయ్యాక భయం తట్టుకోలేక మరునాడే మొత్తం అమ్మేశాను. మంగళవారం బ్యాంకులో పడింది, బుధవారం ఫీజు కట్టాను.

చిన్నమ్మ చెప్పిన పిట్టల జాబితా గుడ్లగూబకు ఆదివారమే పంపాను. తర్వాత ఏదైనా ఇవ్వాలనుకున్నాను. కాయిన్‌లో కొంత పంపుతానంటే వద్దన్నాడు. మీ చిన్నమ్మ పిట్టల జాబితా చదివి రెండు రోజులుగా నవ్వుతున్నాను, అది చాలు అని రాశాడు. చిన్నమ్మ ఊరుకోలేదు. "ఏ ఊరట? పిల్లలున్నరట? మామిడికాయ తొక్కు పంపుదాం, అడ్రస్ అడుగు" అంది. అడిగాను. అడ్రసులు ఎవరికీ చెప్పకూడదని నాకు ఇంకో పాఠం చెప్పి ఊరుకున్నాడు. ఆ డాక్టరు మాత్రం ఇంకో పది రోజులు ఏ పిట్ట సార్ అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి, చిన్నమ్మకు కూడా గుర్తులేదట అని రాసి పంపాను. ఆయన చాలా బాధపడినట్టే ఉంది.

ఆ ఆదివారం పటం ముందు చిన్నమ్మ ఏం అనుకుందో తర్వాత వారం తెలిసింది. నా ఎత్తు బంగారం సమ్మక్కకు మొక్కిందట. (సమ్మక్క జాతర జరిగే మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. మొక్కు తీరితే మనిషి బరువుకు సరిపడా బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తారు.) తూచడానికి మా సేటు గోదాం కాంటా కన్నా మంచిది ఎక్కడ దొరుకుతుంది? డిగ్రీ చదివి, ఎంసీఏలో చేరినవాణ్ణి, బ్లాక్‌చెయిన్ తెలిసినవాణ్ణి, పత్తి బస్తాల మధ్య కాంటా మీద కూర్చున్నాను. సేటు స్వయంగా బరువు చూశాడు. హమాలీలు పని ఆపి చూశారు. యాభై నాలుగు కిలోలు. "సన్నగున్నవురా, నయం" అంది చిన్నమ్మ, బెల్లం ముద్దలు దించుతూ.

జాతర రోజులు కావు కాబట్టి మేడారంలో జనం పలచగా ఉన్నారు. అమ్మవారి గద్దె దగ్గర బెల్లం పెట్టి చిన్నమ్మ అందరికీ వినపడేలా మాట్లాడింది. "తల్లీ, నా కొడుకు పైసలు దొరికినయ్, సదువుకుంటాండు. గా పిట్ట బొమ్మ పెట్టుకున్నోడు ఏడున్నడో, ఆన్ని సల్లగ సూడు. ఆడిబిడ్డయితే ఆడిబిడ్డను సూడు. గా డాక్టరుకు జర బుద్ధియ్యి." నేను ఎవరైనా తెలిసినవాళ్ళు వింటున్నారేమోనని అటూ ఇటూ చూస్తూ, ఆమె కొంగు పట్టుకుని మెల్లగా లాగుతున్నాను.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ భద్రత పాఠం చెబుతాను. పాస్‌వర్డులు, తాళాలు, దొంగలు, అన్నీ చెబుతాను. పిల్లలు తలలూపుతారు. వాళ్ళలో ఎవరికి నిజంగా అర్థమైందో, ఎవరు ఊరికే ఊపుతున్నారో నాకు ముఖం చూస్తే తెలిసిపోతుంది. చిన్నమ్మ మొన్న ఫోన్ చేసి, నాకు పెళ్ళి కుదిరితే మళ్ళీ ఎత్తు బంగారం మొక్కానని చెప్పింది. వద్దు చిన్నమ్మా, ఇప్పుడు ఎనభై కిలోలు దాటాను, బెల్లం మోయలేవు అన్నాను. ఆమె నవ్వింది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు ఆ సన్నటి కుర్రవాడే కళ్ళముందు మెదిలాడు. గోదాంలో కాంటా మీద బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, లోకంలో ఉన్నదంతా తనకు అర్థమైపోయినట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన చిన్నమ్మ ఒక్కో ముద్దా జాగ్రత్తగా పెడుతూ, వాడి బరువు ఎంతో తేలుస్తోంది.